మంత్రి గారూ, బిడ్డ గుడ్డలు ఉతికేవాళ్లను ఒక్క మాట అడగమనండి

రాష్ట్ర వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి నమస్కారాలు.

మాది నెల్లూరు జిల్లా, ఉదయగిరి పక్కన పల్లె. మా మనవరాలి గుడ్డలు ఉతికింది నేనే. మూడో వారం నుంచి దొడ్డికెళ్తే తడిసిన సుద్దలా ఉండేది. ఉచ్చ మాత్రం గుడ్డకి పసుపు రాసినట్టు అంటుకునేది. పసిబిడ్డ ఉచ్చ నీళ్లలా ఉంటుందని ముగ్గుర్ని పెంచిన నాకు తెలుసు. చెబితే వినేవాళ్లేరీ?

ఆస్పత్రిలో చూపిస్తే, 'పుట్టు కామెర్లేనమ్మా, పొద్దుటెండలో పడుకోబెట్టండి' అన్నారు. పడుకోబెట్టాం. పసరు పోయించమన్నవాళ్లూ ఉన్నారు, అదొక్కటే చేయలేదు. రక్తపరీక్షలో బిలిరుబిన్, అంటే కామెర్లకు ఒంటిని పచ్చగా చేసే పదార్థం, మొత్తం ఎంతో రాశారు. అందులో డైరెక్ట్, ఇన్‌డైరెక్ట్ అని రెండు రకాలుంటాయి, డైరెక్ట్ ఎంతో చూడలేదు. కిటుకంతా అక్కడే ఉందని మాకు తర్వాత తెలిసింది. ఎండకీ నీలం లైటుకీ తగ్గేది ఇన్‌డైరెక్ట్ రకమే. పైత్యరసం పేగులోకి దిగక రక్తంలోకి ఎగదన్నితే పెరిగేది డైరెక్ట్. ఏ ఎండా దాన్ని దించలేదు.

లివర్ నుంచి పైత్యరసం దిగే నాళాలు మూసుకుపోయాయి, ఈ జబ్బు పేరు బైలియరీ అట్రీషియా అని చెన్నైలో చెప్పేసరికి 74వ రోజు. 'కసాయి ఆపరేషన్' అన్నారు. ఆ పేరు వినగానే నా గుండె ఆగినంత పనైంది. జపాన్ డాక్టరు పేరంట! 60 రోజుల్లోపు చేస్తే పైత్యం మళ్లీ పారే అవకాశం ఎక్కువట, ఆలస్యమయ్యేకొద్దీ లివర్ గట్టిపడిపోతుందట. మా పిల్లకి ఆపరేషన్ అయినా కామెర్లు తగ్గలేదు. ఇక లివర్ మార్చడమే దారి అంటున్నారు.

ఇంటికొచ్చి పిల్లల్ని చూసే ఆశాలకు 14, 21, 28, 42 రోజులని లెక్కుంది కదండీ. అన్నీ ఆ 60 రోజుల్లోపే. మా ఆశా అమ్మాయి వచ్చింది, బరువు తూచింది, ఆరేసిన గుడ్డల పక్కనుంచే వెళ్లింది. ఆమెను తప్పుపట్టను, చూడమని ఆమెకెవరూ చెప్పలేదు. తైవాన్‌లో 2004 నుంచి దేశమంతా, బిడ్డ మలం పాలిపోయిందేమో పోల్చి చూసుకునే రంగుల కార్డు తల్లుల చేతికిస్తున్నారు. జపాన్‌లో 2012 నుంచి తల్లీబిడ్డల పుస్తకంలోనే వేస్తున్నారు. మా ఇంట్లో ఉన్న కార్డులో టీకాల తేదీలున్నాయి, ఆ రంగులు లేవు.

రెండు వారాలు దాటినా కామెర్లుంటే పీహెచ్‌సీలో డైరెక్ట్ బిలిరుబిన్ చూసి తీరాలని ఉత్తర్వు ఇవ్వండి. నాళం తిత్తిలా ఉబ్బే కోలెడోకల్ సిస్టు కూడా కొందరు పసివాళ్లలో ఇలాగే బయటపడుతుందట, అది చాలావరకు అల్ట్రాసౌండ్‌లోనే కనిపిస్తుందట. నెల్లూరు దాకా వెళ్లే పని లేకుండా ఆ స్కానింగు మా దగ్గరే జరిగేట్టు చూడండి.

మీ కాగితం మా పీహెచ్‌సీ గోడకి అంటించారో లేదో నేనే వెళ్లి చూసొస్తాను.

ఇట్లు,
ఒక అమ్మమ్మ