డౌలండ్ పక్కన ఇప్పటి పాట పాడితే మైల పడతాడా?

ఎడిటర్ గారికి నమస్తే,

పోయిన వారం మీ పేజీలో ఒకాయన ఉత్తరం చూశానండీ, బంజారాహిల్స్‌లో జరిగిన చిన్న కచేరీలో జాన్ డౌలండ్ లాంటివాళ్లు కట్టిన నాలుగొందల ఏళ్ల నాటి ఇంగ్లీషు పాటల మధ్య ఇప్పటి పిల్లలు సొంతంగా రాసుకున్న గిటార్ పాటలు కలిపారని, అంతా కిచిడీ చేసేశారని తెగ బాధపడ్డారు. ఆ కచేరీకి నేనూ వెళ్లాను కాబట్టి రాస్తున్నా.

అసలు జాన్ డౌలండ్ ఎవరండీ? లూట్ వాయించుకుంటూ పాడుకునే పాటలు కట్టి అచ్చేయించిన మనిషి. (లూట్ అంటే అరబ్బుల ఊద్ నుంచి వచ్చిన తీగల వాద్యం, మన పాతబస్తీలో ఊద్ అంటే పొగ వేసుకునేదే అనుకోండి.) మొదటి పుస్తకం 1597లో వచ్చింది, చార్మినార్ కట్టిన ఆరేళ్లకి. అందులో ఒక్కో గొంతు పాడేది ఒక్కో వైపు తిప్పి అచ్చేశారు, పుస్తకం టేబుల్ మీద పెట్టి చుట్టూ కూర్చున్నవాళ్లు ఎవరి వైపు నుంచి వాళ్లు చూసి పాడుకోవచ్చు, ఎవరూ లేకపోతే ఒక్కరే లూట్ పట్టుకుని పాడుకోవచ్చు. ఇంట్లో పాడుకునే పాటండీ అది. అందులో సరుకంతా ఏడుపు, నిద్రలేమి, మోసం చేసిన ప్రేమ, ఇప్పటి పిల్లలు పాడేదీ అదేగా! 2006లో ఇంగ్లీషు రాక్ గాయకుడు స్టింగ్ ఏకంగా డౌలండ్ పాటలతోనే ఆల్బమ్ చేశాడు.

మనకి మాత్రం అన్నమయ్య పాటలు మడి కట్టుకుని వస్తున్నాయా? రాగిరేకుల మీద సాహిత్యం ఉంది, రాగం పేరు ఉంది, స్వరాలు లేవు. ఇవాళ మనం వినేవాటిలో చాలా ట్యూన్లు రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ గారు, నేదునూరి కృష్ణమూర్తి గారు లాంటివాళ్లు పోయిన శతాబ్దంలో కట్టినవే.

ఆ రోజు నాకు బాగా నచ్చింది డైడో పాట, పర్సెల్ అనే ఇంగ్లీషు స్వరకర్త ఒపెరాలో డైడో రాణి చనిపోయే ముందు పాడేది. కింద బేస్ (అడుగున మోగే మంద్ర స్వరాలు) మెట్లు దిగినట్టు దిగుతూ మళ్లీ మళ్లీ అదే వస్తుంది, పాట అయిపోయాక కూడా గిటార్ వాయించే అబ్బాయి బేస్ ఆపకుండా దాని మీదే తన పాట ఎత్తుకున్నాడు, అతుకు ఎక్కడో తెలియలేదు. చివరి మూడు పాటలు మాత్రం ఊరికే పక్కపక్కన పెట్టారు, అక్కడ ఆ ఉత్తరం రాసినాయన కోపం నాకూ అర్థమైంది.

నా కంప్లైంట్ వేరే. అరవై కుర్చీల గదిలో రెండు పెద్ద స్పీకర్లు ఎందుకండీ? లూట్ దొరకలేదని గిటార్ మూడో తీగ అర స్వరం దించి, మూడో ఫ్రెట్ (మెట్టు) దగ్గర కాపో, అంటే తీగలన్నీ నొక్కిపట్టే క్లిప్పు, పెట్టి పాపం అంత శ్రద్ధగా వాయిస్తుంటే, స్పీకర్లోంచి పెళ్లి బ్యాండులా వచ్చింది. అడిగితే "వెనకవాళ్లకి వినబడదు మేడమ్" అన్నారు. వెనక వరసలో కూర్చున్నది నేనే!

ఈసారి మైకులు తీసేసి, క్షేత్రయ్య పదం ఒకటి కూడా పెట్టి చూడమనండి.

ఇట్లు,
ఒక పాఠకురాలు, మారేడ్‌పల్లి, సికింద్రాబాద్