అంపైర్‌ను తిట్టినవాడు స్టార్ బౌలర్ అయితే?

సంపాదకులు గారికి,

నమస్కారం. నేను ఒక అమెచ్యూర్ క్రికెట్ క్లబ్బులో పద్దెనిమిదేళ్లుగా సభ్యుణ్ణి. ఆడటం మానేసి ఆరేళ్లయింది. ఇప్పుడు స్కోర్ రాస్తాను, మనిషి తక్కువైతే అంపైర్‌గా నిలబడతాను. మా క్లబ్బులో ఈ మధ్య జరిగింది చెబితే, ఇలాంటి క్లబ్బులు నడిపే చాలామందికి అది తమ కథే అనిపిస్తుందని ఈ ఉత్తరం రాస్తున్నాను.

లీగ్ మ్యాచ్‌లో ఒక ఎల్బీడబ్ల్యూ అప్పీలుకు అంపైర్ నాటౌట్ ఇచ్చారు. బంతి లెగ్ స్టంప్ బయటికి పోయేదే, స్కోరు బల్ల దగ్గర కూర్చున్న నాకే అలా అనిపించింది. మా ఫాస్ట్ బౌలర్ ఊరుకోలేదు. ఓవర్ అయ్యాక ఆయన చేతిలోంచి తన టోపీ లాక్కుని, నోటికొచ్చినట్టు తిట్టాడు. అంపైర్ బయటివాడేం కాదు, మా క్లబ్బు పెద్దాయనే. ప్రతి ఆదివారం పొద్దున్నే వచ్చి, ఏమీ తీసుకోకుండా ఆరేడు గంటలు ఎండలో నిలబడే మనిషి. మ్యాచ్ అయ్యాక మౌనంగా బ్యాగు సర్దుకుని వెళ్లిపోయారు. ఇక రానని ఆ రాత్రే కబురు పంపారు.

కమిటీ సమావేశమైంది. తేలిందేమిటంటే, ‘సెమీఫైనల్ అయ్యాక చూద్దాం.’ వికెట్లు తీసేది వాడే కదా మరి! అదే నెలలో ఒక కుర్రాడు ప్రాక్టీసుకు రెండుసార్లు ఆలస్యంగా వచ్చాడని రెండు రోజుల్లోనే సస్పెండ్ చేశారు. వాడు పదకొండు మందిలో లేడు, పన్నెండో మనిషి.

మా క్లబ్బులో నియమాలకు కొదవ లేదు. గది గోడ మీద ఫ్రేము కట్టించిన నియమావళి ఉంది. నియమాల పుస్తకం చూసినా అంపైర్ చేతిలో అధికారం బాగానే ఉంది. లండన్‌లోని మెరిల్‌బోన్ క్రికెట్ క్లబ్ (ఎంసీసీ) 2017 అక్టోబర్ నుంచి అమల్లోకి తెచ్చిన క్రికెట్ నిబంధనల్లో 42వది ఆటగాళ్ల ప్రవర్తన గురించే. (ఆ నిబంధనలు రాసేది కూడా ఒక క్లబ్బే అన్నది మనవాళ్లు మర్చిపోతుంటారు.) తప్పులను అందులో నాలుగు స్థాయిలుగా విడగొట్టారు. చిన్న తప్పు మొదటిసారి చేస్తే హెచ్చరిక. అంతకంటే పెద్దదైతే ఎదుటి జట్టుకు అయిదు పరుగులు. మూడో స్థాయిలో ఆ పరుగులతో పాటు ఆటగాణ్ణి కొన్ని ఓవర్లు బయట కూర్చోబెట్టాలి. నాలుగో స్థాయిలో ఇక ఆ మ్యాచ్ మొత్తానికీ వాడు లేనట్టే.

ఇంత అధికారం ఉండి మా పెద్దాయన ఎందుకు వాడలేదు? నాకైతే కారణం తెలుసు, నేనూ వాడలేదు కాబట్టి. క్లబ్బు క్రికెట్‌లో అంపైర్ ఎవరో పరాయివాడు కాదు. పొద్దున పెనాల్టీ వేసినవాడు సాయంత్రం అదే ఆటగాడి బండి ఎక్కి ఇంటికెళ్లాలి. వాట్సాప్ గ్రూపులో వాళ్ల వెటకారాలు చదవాలి. కమిటీ వెనక ఉంటుందన్న నమ్మకం లేనప్పుడు ఎవరైనా చూసీ చూడనట్టు వదిలేస్తారు. వదిలేసిన కొద్దీ నోళ్లు పెరుగుతాయి.

ఈ విషయంలో వేరే ఆటలు మనకంటే నయం. హాకీలో గ్రీన్ కార్డు చూపిస్తే ఆటగాడు రెండు నిమిషాలు బయట కూర్చోవాలి. ఇంగ్లండ్‌లో కింది స్థాయి ఫుట్‌బాల్ పోటీలన్నిటిలో 2019-20 సీజన్ నుంచి, రెఫరీతో గొడవపడినవాణ్ణి పది నిమిషాలు బయటికి పంపే పద్ధతి పెట్టారు. ఇందులో ఉన్న తెలివేమిటంటే, నోరు జారింది ఒకడు, ఆ పది నిమిషాలూ పదిమందితో ఆడాల్సింది జట్టు. దాంతో రెఫరీ కంటే ముందు తోటి ఆటగాళ్లే వాణ్ణి పక్కకు లాగుతారు. మన దగ్గర శిక్ష ఎప్పుడో జరగబోయే సమావేశంలో కాగితం మీద ఉంటుంది, అప్పటికి కోపాలూ చల్లారతాయి, సెమీఫైనలూ అయిపోతుంది.

నీతులు చెప్పే అర్హత నాకు పూర్తిగా ఉందని అనను. క్లబ్బులో చేరిన రెండో ఏడు, రనౌట్ ఇచ్చారన్న కోపంతో బ్యాటు విసిరి స్టంప్స్ తన్నాను. అప్పటి మా కెప్టెన్ ఒక్క మాట కూడా అనలేదు. తర్వాతి రెండు మ్యాచ్‌లు నన్ను ఆడించలేదు, రెండింటికీ అంపైర్‌గా నిలబెట్టాడు. మొదటి గంటలోనే మూడు అప్పీళ్లు వచ్చాయి. కాళ్లు వణికాయి, ఆ టెన్షన్ ఇప్పటికీ గుర్తుంది. డబ్బు జరిమానా వేసి ఉంటే కట్టేసి, మళ్లీ అదే పని చేసేవాణ్ణేమో. అందుకే జరిమానాల మీద నాకు నమ్మకం లేదు. ఉన్నవాడు కట్టి మళ్లీ తిడతాడు, లేనివాడు క్లబ్బే మానేస్తాడు.

గెలుపు కోసమే కదా ఇదంతా అనేవాళ్లకు 1980లో బొంబాయిలో ఇంగ్లండ్‌తో జరిగిన మన క్రికెట్ బోర్డు స్వర్ణోత్సవ టెస్టును గుర్తు చేస్తాను. ఇంగ్లండ్ ఆటగాడు బాబ్ టేలర్ క్యాచ్ అవుటని అంపైర్ వేలెత్తాక, బంతి బ్యాటుకు తగల్లేదని తెలిసి మన కెప్టెన్ గుండప్ప విశ్వనాథ్ అతన్ని వెనక్కి పిలిపించాడు. టేలర్, బోథమ్ కలిసి 171 పరుగులు జోడించారు, మనం పది వికెట్లతో ఓడిపోయాం. ఆ టెస్టు అనగానే బోథమ్ సెంచరీ, అతను తీసిన పదమూడు వికెట్ల కంటే ముందు నాకు విశ్వనాథే గుర్తొస్తాడు. మా బౌలర్ నుంచి అంత ఆశించడం లేదు లెండి, తిట్టకుండా ఉంటే చాలు.

కమిటీలను నేను కోరేది పెద్దదేం కాదు. అంపైర్‌ను తిడితే ఎన్ని మ్యాచ్‌లు పోతాయో సీజన్ మొదలవ్వక ముందే రాసి, అందరి చేతా సంతకం పెట్టించండి. శిక్ష తర్వాతి మ్యాచ్ నుంచే మొదలవ్వాలి, అది ఫైనలైనా సరే. అయితే వాడి మాట వినకుండా మాత్రం శిక్ష వేయొద్దు. ఆరోపణ ఏమిటో ముందే చెప్పి, చెప్పుకునే అవకాశం ఇవ్వాలి. తీర్పు చెప్పేవాళ్లలో వాడి బంధువు గానీ, వాడి కెప్టెన్ గానీ ఉండకూడదు. పిల్లల జట్ల దగ్గర ఇంకో మాట: కోచ్ నోటివెంట బూతు వచ్చినా ఇదే రూలు వర్తించాలి. బౌండరీ బయట నిలబడి అరిచే తండ్రుల గురించి రాయాలంటే ఇంకో ఉత్తరం కావాలి.

మీ పత్రికకూ ఒక విన్నపం. క్రీడల పేజీలో క్లబ్బు మ్యాచ్‌ల స్కోర్లు వేస్తుంటారు. వాటి కింద అంపైర్ల పేర్లు కూడా వేయండి. ఒక్క లైను చాలు.

వచ్చే ఆదివారం మా మ్యాచ్‌కి రెండో అంపైర్ ఇంకా దొరకలేదు. ఎవరైనా వస్తారా అని కార్యదర్శి గ్రూపులో అడిగి మూడు రోజులైంది. దాదాపు అందరూ చూశారు, మా ఫాస్ట్ బౌలర్‌తో సహా. జవాబు మాత్రం ఎవరూ పెట్టలేదు.

ఇట్లు,
ఒక క్లబ్బు స్కోరర్