డ్యూటీ చార్టు ముందే ఇస్తే తల్లులూ నర్సింగ్ చదువుతారు

సంపాదకులకు నమస్కారం.

పెళ్లయి, పిల్లలు పుట్టాక నర్సింగ్‌లో చేరిన ఆడవాళ్లలో నేనూ ఒకదాన్ని. జీఎన్‌ఎం, అంటే జనరల్ నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ డిప్లొమా, రెండో ఏడాది చదువుతున్నాను. నాకు ఐదేళ్ల బాబు. జీఎన్‌ఎంలో 35 ఏళ్ల వరకు చేరవచ్చు. మాలాంటివాళ్లూ వస్తారని నిబంధనలు రాసినవాళ్లకు తెలుసన్నమాట. కోర్సు నడిచే తీరు మాత్రం హాస్టల్లో ఉండే పద్దెనిమిదేళ్ల అమ్మాయి కోసం పెట్టినట్టే ఉంది.

థియరీకి 80 శాతం, వార్డుల్లో పని నేర్చుకునే క్లినికల్‌కు నూటికి నూరు శాతం హాజరు ఉండాలి. ఇందులో ఒక్క గంట కూడా తగ్గించమని అడగను. సెలైన్ పెట్టడం, పుండుకు డ్రెస్సింగ్ చేయడం రోగి మంచం దగ్గర నిలబడితేనే వస్తాయి. ఆ డ్యూటీ ఎప్పుడు పడుతుందో ముందుగా తెలియకపోవడమే మా బాధ. మా దగ్గర వారం చార్టు ఆదివారం రాత్రి వాట్సాప్‌లో వస్తుంది. సోమవారం నుంచే నైట్ అని ఉంటే అప్పటికప్పుడు ఊళ్లో అత్తమ్మకు ఫోన్ చేయాలి. ఆమె నాట్లకు ఒప్పుకుని ఉంటే రాలేదు. ఇక బాబును పక్కింట్లో పడుకోబెట్టి డ్యూటీకి పోవాలి. రాత్రంతా వార్డులో టెంపరేచర్ చార్టులు రాస్తున్నా, వాడు లేచి ఏడుస్తున్నాడేమోనని ఒకటే టెన్షన్. వాడికి జ్వరమొచ్చి డ్యూటీ పోతే, ఆ డ్యూటీని తర్వాత మళ్లీ చేయాల్సిందే. అది న్యాయమే, చేస్తాం. నెల చార్టు ముందే చేతికిస్తే పిల్లల్ని ఎవరి దగ్గర ఉంచాలో చూసుకుంటాం. దానికి ప్రభుత్వానికి పైసా ఖర్చు లేదు.

తెలుగు మీడియంలో ఇంటర్ చదివి ఏళ్లు గడిచినవాళ్లకు అనాటమీ ఇంగ్లిష్‌లో చదవడం కష్టమే. అయితే క్లాసులోని చిన్న పిల్లలు అక్కా అంటూ దగ్గర కూర్చుని చెబుతారు, రికార్డుల్లో బొమ్మలు వేయడానికి సాయం చేస్తారు. బస్సు ఖర్చు బాధా తీరింది. 2023 డిసెంబరులో ఆర్టీసీలో ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం వచ్చాకే పరకాల నుంచి హన్మకొండకు రోజూ వచ్చి పోవడం నాకు వీలైంది.

ఇంకొకటి, పిల్లల్ని చూసుకునే చోటు. 50 మంది, అంతకు మించి పనిచేసే సంస్థల్లో క్రెష్ ఉండాలని ప్రసూతి ప్రయోజనాల చట్టానికి 2017లో చేసిన సవరణ చెప్పింది. అది ఉద్యోగుల కోసం. వార్డులో వాళ్ల పక్కనే నిలబడి పని నేర్చుకునే విద్యార్థిని ఆ లెక్కలోకి రాదు.

మహబూబాబాద్, భూపాలపల్లి, జనగామ, ములుగు, నర్సంపేటల్లో మెడికల్ కాలేజీలు వచ్చాయి. వాటి ఆసుపత్రులన్నిటికీ నర్సులు కావాలి. సొంత ఊరు, పిల్లల బడి వదిలి దూరం పోలేని మాలాంటివాళ్లు చదువు పూర్తి చేస్తే ఇక్కడే పనిచేస్తారు. వరంగల్‌లో పాత సెంట్రల్ జైలు స్థలంలో తలపెట్టిన 24 అంతస్తుల ఆసుపత్రిలో రాత్రిపూట కూడా నడిచే క్రెష్ ఒకటి పెట్టాలని, అందులో నర్సింగ్ విద్యార్థినుల పిల్లలకూ చోటివ్వాలని వైద్యారోగ్య శాఖను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. నెల చార్టు ముందుగా ఇవ్వాలన్న ఆదేశం మాత్రం ఈ విద్యా సంవత్సరంలోనే రావాలి.

– ఒక జీఎన్‌ఎం విద్యార్థిని, పరకాల, హన్మకొండ జిల్లా