అమ్మ చివరి రోజుల్లో మాతో ఉన్నవాళ్లందరికీ

అందరికీ వందనాలు. అమ్మ ప్రభువు దగ్గరికి వెళ్లి 20 రోజులైంది. ఫోన్ చేసి ఒక్కొక్కరికీ చెబుదామంటే గొంతు పెగలడం లేదు, అందుకే ఇక్కడ రాస్తున్నాను.

మూడు నెలలు అమ్మ మంచం మీదే ఉంది. వీపు పుండ్లు పడకుండా రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి, రాత్రి కూడా. రెండు వారాలు నేనొక్కదాన్నే చేశాను, ఆ తర్వాత నా వల్ల కాలేదు. నేను నోరు తెరిచి అడగకముందే సంఘంలోని నలుగురు అక్కలు రాత్రులు పంచుకుని, నన్ను పక్క గదిలోకి పంపి పడుకోబెట్టారు. అక్కలూ, ఆ నిద్ర లేకపోతే నేనేమైపోయేదాన్నో!

ఒక సంగతి మాత్రం చెప్పకుండా ఉండలేను. ఇక చేసేదేమీ లేదని డాక్టర్లు చెప్పేశాక, చివరి వారంలో, ఒక అక్క అమ్మ వీపు తుడిచి నెమ్మదిగా కట్టు మారుస్తుంటే నాకు దుఃఖం, కోపం కలిసి వచ్చేశాయి. "ఇంకా ఎందుకక్కా ఇదంతా, రెండు మూడు రోజుల్లో పరలోకానికి వెళ్లిపోయే మనిషికి?" అనేశాను. ఆమె చెయ్యి ఆపలేదు. "ప్రభువు లేపేది ఈ దేహాన్నే కదమ్మా" అంది, అంతే.

చిన్నప్పటి నుంచి పరలోకం అంటే ఆత్మ పైకి వెళ్లిపోవడం, శరీరం సంగతి ఇక్కడితో సరి అనే అనుకుంటూ వచ్చాను. ఆ రాత్రి అమ్మ పక్కనే కూర్చుని బైబిల్లో పౌలు రాసిన మొదటి కొరింథీయుల పత్రిక 15వ అధ్యాయం మొత్తం చదివాను. పౌలు ఈ శరీరాన్ని పారేస్తారనలేదు, "విత్తబడును" అన్నాడు, మళ్లీ లేవడానికి విత్తనంలా. 58 వచనాల అధ్యాయం, మరణానికి ముల్లు విరిగిందన్నంత గొప్ప మాటల తర్వాత ముగింపు ఏమిటంటే, మీ ప్రయాసము ప్రభువునందు వ్యర్థము కాదని. అంటే అక్క కట్టిన ఆ కట్టు కూడా! ఆ తర్వాత రెండు గంటలకు అమ్మను తిప్పడానికి లేచినప్పుడు, నిన్నటిదాకా చేసిన పనే అయినా నా చేతులకు వేరుగా తెలిసింది.

ప్రతి సాయంత్రం వచ్చి వాక్యం చదివిన పెద్దాయనకు కూడా వందనాలు. మన శరీరం గుడారం, శిథిలమైనా దేవుడు కట్టిన నివాసం ఉందని ఆయన చదివి, ఆ మాట రాసిన పౌలు స్వయంగా డేరాలు కుట్టి బతికినవాడు, గుడ్డ ఎలా చివుకుతుందో ఆయనకు తెలుసమ్మా అంటే, అమ్మ ఎన్నాళ్లకో నవ్వి "నాది బాగా చివికింది బాబూ" అంది. మేం విన్న ఆమె చివరి నవ్వు అదే.

సమాధి రోజు ఎవరో "విశ్వాసులు ఏడవకూడదు" అన్నారు. అప్పుడు నన్ను దగ్గరికి తీసుకుని, కాసేపట్లో బతికించి లేపబోతున్నానని తెలిసి కూడా స్నేహితుడు లాజరు సమాధి దగ్గర యేసు ఏడ్చాడమ్మా అని చెప్పిన మన సంఘపు అమ్మగారికి నేను ఎంతో రుణపడి ఉన్నాను. దుఃఖపడొద్దని పౌలు ఎక్కడా అనలేదు, నిరీక్షణ లేనివాళ్లలా దుఃఖపడొద్దన్నాడు. నేను ఏడుస్తూనే ఉన్నాను, అమ్మను మళ్లీ చూస్తాననీ నమ్ముతున్నాను.

అమ్మ గాలి పరుపు శుభ్రం చేసి ఉంచాను. మంచాన పడ్డవాళ్లు ఎవరింట్లో ఉన్నా చెప్పండి, తెచ్చిస్తాను. గురువారం, శుక్రవారం రాత్రులు వచ్చి కూర్చుంటాను కూడా, తిప్పడం, కట్టు మార్చడం నాకు వచ్చు.