మార్కండేయుడు తాడెక్కలేదు

సంపాదకులకు నమస్కారం.

పోయిన వేసవిలో మీ పత్రిక సిటీ పేజీలో చేర్యాల పటాల (పొడవాటి గుడ్డ మీద వరసగా బొమ్మలు వేసి కథ చెప్పేవి) ప్రదర్శన మీద ఒక ఫోటో వచ్చింది. కింద ‘మార్కండేయ పురాణం పటం’ అని ఉంది. అది తప్పు. ఆ తప్పు మీ విలేకరిదీ కాదు, డెస్కుదీ కాదు, నాది. ప్రెస్‌నోట్ రాసి, ఫోటో జతచేసి పంపింది నేనే. అప్పుడే చెప్పాల్సింది, భయమేసి ఊరుకున్నాను.

నేను జర్నలిజం పీజీ చదువుతున్నాను. కోర్సులో భాగంగా హైదరాబాద్‌లోని ఒక ఆర్ట్ మ్యూజియంలో రెండు నెలలు పీఆర్ ఇంటర్న్‌గా చేశాను. పేరు రాయను, మనుషులు మంచివాళ్ళే, స్టైపెండ్ ఇవ్వకపోయినా సాయంత్రం ఉస్మానియా బిస్కెట్లతో టీ ఇచ్చేవాళ్ళు. పీఆర్ అంటే నలుగురికీ కళ గురించి చెప్పడం అనుకుని వెళ్ళాను. నా పని ఏమిటంటే, పొద్దున్నే వచ్చి పేపర్లన్నీ తిరగేసి, మా మ్యూజియం పేరు ఎక్కడ పడిందో వెతికి, కత్తిరించి తెల్లకాగితం మీద అంటించి, స్కేలు పెట్టి ఎన్ని సెంటీమీటర్లు వచ్చిందో కొలిచి రిజిస్టర్‌లో ఎక్కించడం. సెంటీమీటర్లు పెరిగితే ఆ నెల బాగా పనిచేసినట్టు. నెలాఖరు మీటింగ్‌లో ఎంతమంది వచ్చి చూశారన్న లెక్క కన్నా ఈ లెక్కే ముందు చదివేవాళ్ళు.

పటాల ప్రదర్శనకు ప్రెస్‌నోట్ ముందు ఇంగ్లిష్‌లో తయారైంది, దాన్ని తెలుగు చేసే పని నాకు పడింది. అందులో ‘స్క్రోల్’ అని ఉంటే నేనూ ‘స్క్రోల్ పెయింటింగ్’ అనే రాశాను. మన ఊళ్ళలో దాన్ని పటం అంటారని, వేసేవాళ్ళను నకాశీలంటారని అప్పటికి నాకు తెలియదు, నేను పుట్టి పెరిగింది కూకట్‌పల్లిలో. సిద్దిపేట జిల్లా చేర్యాల గురించి ఒకే ఒక్క వాక్యం రాసి, మిగతా రెండు పేరాలూ ముఖ్య అతిథి, గౌరవ అతిథి, జ్యోతి ప్రజ్వలన, శాలువాలతో నింపాను. ఫోటోల ఫోల్డర్‌లో పేర్లు లేవు, అన్నీ నంబర్లే. ఎర్రటి నేపథ్యం మీద బొమ్మలు ముద్దుగా ఉన్న ఒకటి తీసి పెట్టేశాను. మూడు పేపర్లలో వచ్చింది. స్కేలు పెట్టి కొలిచాం, మేడం చాలా సంతోషపడ్డారు.

రెండో రోజు ప్రెస్‌నోట్ అడుగున ఉన్న నంబర్‌కి ఒక ఫోన్ వచ్చింది. సిరిసిల్లలో సాంచాలు (మరమగ్గాలు) నడిపే పెద్దాయన. కూతురింటికి హైదరాబాద్ వచ్చి, అక్కడ పేపర్లో చూశాడట. ‘‘బిడ్డా, మార్కండేయ పురాణమని రాసిన్రు, మంచిగుంది. గని ఆ ఫోటోల మోకు కట్టుకొని తాడెక్కెటాయన ఎవరు? మా మార్కండేయుడు ఎప్పుడు తాడెక్కిండు?’’ అన్నాడు. నాకు ముందు అర్థం కాలేదు. ఆ తర్వాత కంప్యూటర్లో ఫోటో పెద్దది చేసి చూస్తే, నిజమే, ఒకాయన తాటిచెట్టు ఎక్కుతున్నాడు, నడుముకు మోకు స్పష్టంగా కనిపిస్తోంది. అది గౌడ పురాణం, అంటే కల్లుగీసే గౌడల కుల కథ. మార్కండేయ పురాణం నేతపని చేసే పద్మశాలీలది. ఇంటర్న్ నుంచి మేడం దాకా మా ఆఫీసులో నలుగురం చూసి పంపిన ఫోటో అది.

సారీ అంకుల్ అంటే ఆయన కోప్పడలేదు, అరగంట మాట్లాడాడు. ‘‘మా పద్మశాలీల పటమైతే మా మూలపురుషుడు భావనారుషి పులి మీద కూసుంటడు బిడ్డా, గట్ల గుర్తువట్టాలె’’ అన్నాడు. ఒక్కో కులానికి ఒక్కో పురాణం, దాన్ని పాడి చెప్పడానికి ఒక్కో కులంవాళ్ళు ఉంటారన్న సంగతి నేను విన్నది ఆ ఫోన్లోనే. పద్మశాలీలకు కూనపులివాళ్ళు, గౌడలకు గౌడజెట్టీలు, ముదిరాజ్‌లకు కాకిపడిగెలవాళ్ళు. చిన్నప్పుడు వాళ్ళ వాడకు కూనపులివాళ్ళు వచ్చేవారట. గుంజకు పటం వేలాడగట్టి, ఒక్కో బొమ్మా విప్పుతూ, కర్రతో చూపిస్తూ రాత్రుళ్ళు కథ చెప్పేవారట. అలాంటి పటాలు గజం వెడల్పుతో 40, 50 అడుగుల పొడవు కూడా ఉంటాయి. గుడ్డకు గంజి, సుద్దమట్టి, చింతగింజల అంబలి పట్టించి ఆరబెట్టి దాని మీద బొమ్మ వేస్తారని తర్వాత చదివి తెలుసుకున్నాను. మా గ్యాలరీలో ఐదారడుగులు మాత్రమే విప్పి అద్దం వెనక పెట్టారు, మిగతాదంతా చుట్టే ఉంది.

చివర్లో ఆయన మూడు అడిగాడు. ఆదివారం తెరిచి ఉంటదా? టికెట్ ఎంత? పటం ముందట కథ ఎవరన్న చెప్తరా? మొదటి రెండిటికీ జవాబు నా ప్రెస్‌నోట్‌లో లేదు, అతిథుల డిగ్రీలు ఉన్నాయి. మూడోదానికి లేదండీ అన్నాను. ‘‘చెప్పెటోడు లేకుంటె ఎట్ల తెలుస్తది మరి’’ అని పెట్టేశాడు. రెండు నెలల్లో నాకు వచ్చిన పాఠకుల ఫోన్ అదొక్కటే.

మేడంని అడిగాను, ఒక ఆదివారం కూనపులివాళ్ళను పిలిచి కథ చెప్పిద్దామా అని. ఐడియా బాగుంది, బడ్జెట్ లేదు, వచ్చే ఏడు చూద్దాం అన్నారు. శాలువాలకు, మెమెంటోలకు ఉంది.

మ్యూజియం వాళ్ళనే అంటే అన్యాయం. ఫోన్ చేస్తే విలేకరులు మొదట అడిగేది కూడా ‘ఎవరొస్తున్నారు’ అనే. అందుకే మేమూ అదే ముందు రాస్తాం. సాలార్‌జంగ్‌కు ఈ బాధ లేదనుకోండి, అక్కడి గడియారంలోంచి గంటగంటకూ బయటికొచ్చి గంట కొట్టే గడ్డం బొమ్మే పెద్ద పీఆర్ఓ, దాన్ని చూడటానికి జనం ముందే వచ్చి కూర్చుంటారు. మిగతావాటికి మీ పేజీయే దిక్కు. అందుకని అడుగుతున్నాను, రిబ్బన్ కటింగ్ ఫోటో కాస్త చిన్నది చేసి వేళలు, సెలవు రోజు, టికెట్ ధర వేయండి. పటాన్ని పటం అనే రాయండి. మాలాంటి వాళ్ళు స్క్రోల్ అని పంపినా సరే.

ఇక సవరణ. ఆ ఫోటోలో ఉన్నది గౌడ పురాణం, మార్కండేయ పురాణం కాదు. దయచేసి దీన్ని సిటీ పేజీలో కాకుండా సిరిసిల్ల జిల్లా పేజీలో వేయండి, పెద్దాయన ఈపాటికి ఇంటికి వెళ్ళిపోయి ఉంటాడు.

– ఒక జర్నలిజం విద్యార్థిని, హైదరాబాద్