బొజ్జన్నకొండ స్తూపం మీద మేకుతో గీకిన పేర్లు

సంపాదకులకు,

కనుమ నాడు మన అనకాపల్లి దగ్గరి బౌద్ధ క్షేత్రం బొజ్జన్నకొండకు జనం పోటెత్తారని మీ పత్రికలో ఫొటోతో సహా వార్త వచ్చి పది రోజులైంది. ఆ ఫొటోలో నలుగురు కుర్రాళ్లు ఎక్కి నిలుచున్నది బండరాయి కాదు, స్తూపం. ఆ మాట వార్తలో ఎక్కడా లేదు. ఎవరైనా రాస్తారేమోనని చూశాను, ఇక ఉండబట్టలేక రాస్తున్నాను.

మొన్న ఆదివారం మనవరాలిని వెంటబెట్టుకుని వెళ్లాను. ద్వారపాలకులను దాటి పదహారు స్తంభాల గుహలోకి వెళితే నడిమధ్యన స్తూపం, కొండరాతినే తొలిచి నిలబెట్టినది. పిల్ల దాని చుట్టూ తిరుగుతూ ఒకచోట ఆగి, "తాతయ్యా, ఇది పాత లిపా?" అని అడిగింది. వంగి చూశాను. ఎవరో మేకుతో గీకిన రెండు పేర్లు, నడుమ గుండె బొమ్మ. తడిమితే గోరు దిగేంత లోతు. గీతల్లో రాతిపొడి కూడా ఇంకా రాలలేదు. ఆ పిల్లకు ఏమని చెప్పను?

రక్షిత కట్టడాన్ని పాడుచేస్తే రెండేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా. 1958 నాటి చట్టాన్ని 2010లో సవరించి మరీ ఆ శిక్ష పెట్టారు. ఆపేవాడు లేనప్పుడు శిక్ష ఎంతైతేనేం? మేమున్న రెండు గంటల్లో ఏ గుహ దగ్గరా ఒక్క కాపలా మనిషి కనిపించలేదు.

1906లో పురావస్తు అధికారి అలెగ్జాండర్ రే తవ్వించిన కొండ ఇది. సముద్రగుప్తుడి బంగారు నాణెం దొరికిన చోటు. బౌద్ధ భిక్షువుల నివాసమైన సంఘారామమే వాడుకలో ఈ ఊరి పేరు శంకరం అయిందని ఈ చుట్టుపక్కల బడి పిల్లల్లో ఎందరికి తెలుసు? పక్క కొండ మీద వరుసలు తీరిన స్తూపాలను లింగాలనుకునే కదా దాన్ని లింగాలకొండ అన్నారు! జనాన్ని తప్పుపట్టను. బొజ్జ ఆకారంలోని రాయిని రాక్షసుడిదని నమ్మి కనుమ నాడు రాళ్లు రువ్వేవారు. అది తప్పని చెప్పగా చెప్పగా విన్నారు. చెప్పే మనిషి ఉంటే వింటారు.

ఒక్క ఇక్కడేనా? విశాఖ దగ్గరి బౌద్ధ క్షేత్రం తొట్లకొండ మీద పునర్నిర్మించిన మహాస్తూపం 2019 వానలకు కొంతభాగం కూలిపోయింది. పర్యాటకం మీద సభ పెట్టిన ప్రతిసారీ బౌద్ధ క్షేత్రాలను కలుపుతూ యాత్రామార్గం అంటారు. శాలువాలు కప్పుకుంటారు, వెళ్లిపోతారు. రోడ్డు వేస్తే వచ్చేవాళ్లు పెరుగుతారు, నిజమే. వచ్చినవాళ్ల చేతిలోని మేకును ఎవరు పట్టుకుంటారు?

వచ్చే కనుమకు ప్రతి గుహ దగ్గరా ఒక మనిషిని పెట్టాలి. ప్రతి స్తూపం దగ్గరా అది ఏమిటో తేట తెలుగులో రాసిన బోర్డు ఉండాలి. బస్సుల్లో వచ్చే బడిపిల్లలకు కొండ కథ చెప్పడానికి ఊళ్లోని చదువుకున్న యువకులకు శిక్షణ ఇచ్చి జీతమివ్వాలి. ఇవి అధికారుల పనులు. మీ చేతిలో ఉన్నది ఒకటుంది. ఆ ఫొటోలో కుర్రాళ్ల కాళ్ల కింద ఉన్నది స్తూపమని రేపటి సంచికలో ఒక్క వాక్యం వేయండి.

— ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, అనకాపల్లి