ఇంకుడు గుంత ఎందుకు మూసుకుపోతోంది?

సంపాదకులకు,

వానాకాలం వస్తోందంటే హైదరాబాద్‌లో కాలనీ సంఘాలు, పర్యావరణ సంస్థలు కలిసి ఇంకుడు గుంతలు తవ్విస్తుంటాయి. మంచి పనే. కానీ వాటిలో చాలా గుంతలు రెండో ఏడాదికే నీళ్లు తాగడం మానేస్తాయి.

ముందు లెక్క చూసుకోవాలి. 100 చదరపు మీటర్ల డాబా మీద 1 సెంటీమీటరు వాన పడితే 1,000 లీటర్లు. అందులో 800 దాకా పైపులోకి దిగుతాయి. పొడవు, వెడల్పు, లోతు ఆరేసి అడుగులున్న గుంతను రాళ్లతో నింపాక సందుల్లో పట్టేది సుమారు 2,400 లీటర్లే. అంటే 3 సెంటీమీటర్ల వాన. అంతకు మించితే పొంగుతుంది కాబట్టి పైన ఒక పైపు పెట్టి వాన కాలువకు కలపాలి. మురుగు మ్యాన్‌హోల్‌కు మాత్రం వద్దు, అది వెనక్కి తన్నుతుంది.

అడుగున 40 ఎంఎం కంకర, దానిపై 20 ఎంఎం, పైన దొడ్డు ఇసుక వేయాలి. ఇసుక కింద నైలాన్ జాలీ పరవకపోతే అది కంకరలోకి జారి గుంతనే పూడ్చేస్తుంది. నీళ్లు గుంతలోకి వచ్చేముందు మట్టి, చెత్త అడుగున ఆగిపోయేలా 2 అడుగుల పూడిక తొట్టె ఉండాలి. ఫొటోలకు బాగుంటుందని గోడలకు, అడుగుకు సిమెంటు పూసేవాళ్లూ ఉన్నారు. అది ఇంకుడు గుంత కాదు, సంపు.

ఏటా మే నెలలో, మట్టి పేరుకున్న పై ఇసుక 3 అంగుళాలు తీసి, కడిగి మళ్లీ వేయాలి. గుంతలకు డబ్బిచ్చేవాళ్లు ఈ కూలీ ఖర్చును కూడా అంచనాలో రాయించాలి.

– కాలనీ పర్యావరణ సంఘం సభ్యులు, హైదరాబాద్